వడియాలు, అసర్టివ్ కమ్యూనికేషన్

భీమవరంలో మా ఎదురింటి మేడ మీద నలుగురు కుర్రాళ్లు అద్దెకుంటున్నారు. నలుగురూ ఎంబీఏ, నలుగురూ హెచ్‌ఆర్. రేపు కంపెనీల్లో మనుషుల గొడవలు తీర్చాల్సిన వాళ్లు. పేర్లెందుకు, ఊళ్లతో చెబుతాను.

మనుషులు మాట్లాడే తీరు నాలుగు రకాలని వాళ్ల పాఠం. నోరు మెదపనిది, మీద పడి అరిచేది, పైకి నవ్వుతూ లోపల గిల్లేది. నాలుగోది అసర్టివ్. అంటే ఎదుటివాళ్లని నొప్పించకుండా, తను తగ్గకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పడం. కంపెనీలకు కావలసింది అదేనట.

మొన్న వేసవిలో ఇంటి మామ్మగారు మోటారు వేసి కునుకు తీశారు. ట్యాంకు నిండి పొర్లింది. కాలవలు కట్టేసిన రోజులు. బోరు వేస్తే ఉప్పునీళ్లు. కాలవ వదిలినప్పుడు నింపుకున్న చెరువే ఊరికి దిక్కు. పైగా ట్యాంకు కిందే, పాత పంచె మీద, పొద్దున పెట్టిన గుమ్మడి వడియాలు.

నరసాపురం అబ్బాయి చూశాడు. పెద్దావిడ నిద్ర చెడగొట్టడమెందుకని తలుపు దగ్గరగా వేసుకున్నాడు. తణుకు అబ్బాయి "ఎవడూ చూసుకోడేంట్రా!" అని మిగతా ముగ్గురి మీదా ఎగిరాడు. మండపేట అబ్బాయి 'కొందరికి నీటి విలువ తెలీదు' అని వాట్సాప్ స్టేటస్ పెట్టాడు, దండం బొమ్మతో సహా. మామ్మగారికి వాట్సాప్ లేదు.

పాలకొల్లు అబ్బాయి క్లాసులో ఫస్టు. థామస్ గోర్డన్ అనే అమెరికా సైకాలజిస్టు 1960ల్లో చెప్పిన 'నేను' సూత్రం వాడికి కంఠతా. నువ్విలా చేశావని వేలు చూపకూడదు. జరిగినదేమిటో, దానివల్ల నాకేం ఇబ్బందో, నాకేమనిపిస్తోందో చెప్పాలి. ఆయన అది పిల్లలతో వేగే తల్లిదండ్రులకు నేర్పాడు, మామ్మలకు పనిచేస్తుందని ఎక్కడా అనలేదు.

వాడు చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని దిగాడు. మోటారు స్విచ్చు మెట్ల పక్కనే. సరిగ్గా దానికి వీపు ఆనించి నిలబడి ఆవిడను లేపాడు.

"మామ్మగారండీ, ట్యాంకు నిండాక కూడా నీళ్లు పడుతూ ఉంటే, సాయంత్రం స్నానానికి ఉండవేమోనని నాకు ఆందోళనగా అనిపిస్తుందండి."

"బీపీ చూపించుకున్నావా నాయనా?"

"అది కాదండి. దీని మీద మీ అభిప్రాయం కూడా వినాలనుందండి."

ఎండకి కుర్రాడు ఏదో అయిపోతున్నాడని ఆవిడ గ్లాసుడు మజ్జిగ తెచ్చిచ్చారు. ఇచ్చాక తాగకపోతే మర్యాద కాదు కదా, తాగాడు. ఈలోగా వడియాలు కరిగి గొట్టంలోంచి సందులోకి దిగిపోయాయి.

మూడింటికి పాలతను వచ్చాడు. "తప్పుకోండి బాబూ" అని స్విచ్చు కట్టేసి, పాలు పోసి వెళ్లిపోయాడు.

మామ్మగారు మేడెక్కి ఖాళీ పంచె చూశారు. కేకలేమీ లేవు. "ఎంత బాగా చెప్పావు బాబూ! ఇల్లంటుకున్నా ఇలాగే లేపు. కంగారేం లేదు, తల దువ్వుకునే రా."

ఇది ఏ రకమని పైన పెద్ద చర్చ. పైకి నవ్వింది కాబట్టి మూడోదన్నాడు మండపేట. చెప్పాల్సింది స్పష్టంగా చెప్పింది కాబట్టి నాలుగోదన్నాడు పాలకొల్లు. తణుకు అరిచాడు, నరసాపురం ఏమీ అనలేదు. మా గోదావరి వెటకారానికి సిలబస్‌లో గది కట్టలేదని వాళ్లకెవరు చెబుతారు?

రాత్రి ఆవిడే పైకి పప్పుచారు పట్టుకెళ్లారు. మండపేట అబ్బాయి గిన్నె మూత తీసి, "వడియాలు లేవాండీ?" అన్నాడు.

"నాకూ అదే ఆందోళనగా అనిపిస్తోంది నాయనా" అన్నారు మామ్మగారు.