సార్జెంట్ పెప్పర్‌ను తేల్చాల్సింది రెండో వైపు మొదటి పాటతో

రోలింగ్ స్టోన్ పత్రిక 2003లో 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితా వేసి, ఇంగ్లండ్ రాక్ బృందం బీటిల్స్ 1967లో విడుదల చేసిన 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్'కు మొదటి స్థానం ఇచ్చింది. 2020లో కొత్తగా ఓట్లు తీసుకుని మళ్లీ జాబితా వేస్తే అదే ఆల్బమ్ 24వ స్థానానికి జారింది. అభిమానుల మధ్య ఎప్పటి నుంచో ఉన్న గొడవ దీంతో ఇంకా ముదిరింది. పెప్పర్‌కు ముందు ఏడాది బీటిల్సే విడుదల చేసిన 'రివాల్వర్' పాటలే గట్టివని ఒక వర్గం అంటుంది. అమెరికా బృందం బీచ్ బాయ్స్ వాళ్ల 'పెట్ సౌండ్స్' ముందు ఇవేవీ నిలవవని ఇంకో వర్గం అంటుంది. పెప్పర్ అంటే రంగురంగుల అట్ట, స్టూడియో హంగామా తప్ప సంగీతం తక్కువని వీళ్లిద్దరూ ఒప్పుకుంటారు.

నేను పెప్పర్ పక్షం. అయితే దాన్ని వెనకేసుకొచ్చేవాళ్ల వాదన కూడా నాకు రుచించదు. వాళ్లు ఎంతసేపూ నాలుగు ట్రాకుల టేపు మీద, అంటే ఒకేసారి నాలుగు శబ్దాల్నే విడిగా పట్టే టేపు మీద ఎన్ని కొత్త పోకడలు పోయారో, 700 గంటలు ఎలా కష్టపడ్డారో చెబుతారు. కష్టం సంగీతానికి కొలత కాదు. బీటిల్స్ తమ మొదటి ఆల్బమ్‌లో పది పాటల్ని 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులోనే రికార్డు చేశారు, అవి ఇప్పటికీ హుషారుగా వినిపిస్తాయి. పెప్పర్‌లో సంగీతం ఎంత ఉందో తేల్చాలంటే ఆ రికార్డు రెండో వైపు మొదటి పాట దగ్గర ఆగాలి. బీటిల్స్ గిటారిస్ట్ జార్జ్ హారిసన్ రాసి పాడిన 'విదిన్ యు వితౌట్ యు' అది. నిడివి ఐదు నిమిషాల పైనే. అభిమానుల్లో చాలామంది దాటేసే పాట కూడా అదే.

ఆ పాట పుట్టుక అందరికీ తెలిసిందే. 1966 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కో కచేరీతో బీటిల్స్ ఊళ్లు తిరగడం మానేశారు. హారిసన్ బొంబాయి వచ్చి రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్నాడు, కశ్మీర్‌లోనూ కొన్నాళ్లు గడిపాడు. పెప్పర్ కోసం అతను తెచ్చిన మొదటి పాటను పక్కన పెట్టేశారు. రెండోసారి తెచ్చింది ఇది. ఆకాశవాణి కోసం రవిశంకర్ కూర్చిన ఒక సంగీత రచన దీనికి ప్రేరణ. మిగతా ముగ్గురు బీటిల్స్‌లో ఒక్కరు కూడా ఈ పాటలో వాయించలేదు, పాడలేదు.

రాక్ అభిమాని ఫిర్యాదు ఒక్కటే: ఈ పాటలో ఏమీ జరగదు, బోర్ కొడుతుంది. కార్డ్‌లు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, మారడమే పాట ముందుకు నడవడం అని అలవాటు పడిన చెవికి అలాగే అనిపిస్తుంది. మొదటి నుంచి చివరి దాకా తంబూరా ఒకే శ్రుతి మీద నిలబడి ఉంటుంది. స్వరాలు హిందుస్తానీ పద్ధతిలో చెబితే ఖమాజ్ థాట్‌వి, మన లెక్కలో హరికాంభోజి మేళం. త్యాగరాజ కీర్తనలు విన్న చెవికి ఆ మెట్లు కొత్తవి కావు. శ్రుతి కదలకపోతే కదలాల్సింది రాగమూ లయా. ఆ రెండూ ఇక్కడ ఎంత కదులుతాయో వినండి. పాడే భాగమంతా తబలా తీన్‌తాల్‌లో, పదహారు మాత్రల్లో నడుస్తుంది. మధ్యలో గొంతు ఆగి వాద్యాలు అందుకోగానే తాళం ఝప్‌తాల్‌కు, పది మాత్రలకు మారిపోతుంది. రెండు, మూడు, రెండు, మూడు. అక్కడ కమానుతో వాయించే దిల్‌రుబా ఒక మాట అంటే సితార్ బదులు చెబుతుంది, వయొలిన్లు అడిగితే మళ్లీ సితారే సమాధానమిస్తుంది. తర్వాత పాట తిరిగి పదహారు మాత్రల్లోకి వచ్చి గొంతును కలుపుకుంటుంది. 1967లో ఇంగ్లండ్‌లో కుర్రకారు కొనుక్కున్న రికార్డులో ఇది జరిగింది. ఏమీ జరగదనడం వినకపోవడమే.

గొంతు వెంట దిల్‌రుబా నడిచే తీరు కూడా గమనించాలి. మన కచేరీలో గాయకుడి వెన్నంటి వయొలిన్ వెళ్లినట్టు, ప్రతి మలుపులోనూ అది పక్కనే ఉంటుంది. ఇదే ఆలోచన మొదటి వైపునా కనిపిస్తుంది. 'లూసీ ఇన్ ది స్కై విత్ డైమండ్స్'లో తంబూరా ఉంది, బీటిల్స్‌లో మరొకడైన జాన్ లెనన్ గొంతును హారిసన్ గిటార్ సారంగిలా అంటిపెట్టుకుని పోయే చోటు ఉంది. 'గెటింగ్ బెటర్'లోనూ తంబూరా మోగుతుంది. కాబట్టి రెండో వైపు పాట ఆల్బమ్‌లో ఎక్కడి నుంచో ఊడిపడిందనే మాట నిలవదు.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకున్న విషయం. ఈ ఆల్బమ్‌లో ఐదు నిమిషాలు దాటిన పాటలు రెండే. ఒకటి ఇది, రెండోది చివరి పాట 'ఎ డే ఇన్ ది లైఫ్'. ఈ రెండింటిలోనూ వయొలిన్లు జారతాయి. 1967 ఫిబ్రవరి 10న నిర్మాత జార్జ్ మార్టిన్ నలభై మంది ఆర్కెస్ట్రా వాద్యకారులను స్టూడియోకు పిలిపించి, 24 బార్లలో మీ వాద్యంలోని అతి కింది స్వరం నుంచి పై స్వరానికి ఎక్కండి, పక్కవాడు ఎక్కడున్నాడో చూడకండి అన్నాడు. జీవితమంతా పక్కవాడితో కలిసి వాయించడమే నేర్చుకున్న మనుషులు వాళ్లు. ఏప్రిల్ 3న హారిసన్ పాటకు ఎనిమిది వయొలిన్లు, మూడు చెల్లోలు వచ్చాయి. ఈసారి మార్టిన్, మార్చిలో రికార్డయిన దిల్‌రుబాల వంపుల్ని విని, ఆ జారుళ్లను స్వరలిపిలో రాసి వాళ్ల ముందు పెట్టాడు. యూరప్ వాద్యబృందం చేత గమకం పలికించడం ఇది. పియానో మెట్లలా విడివిడిగా నిలిచే స్వరాలను వదిలి, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మధ్య ఉన్న దారినే సంగీతంగా వినిపించడం ఈ ఆల్బమ్ చేసిన అసలు పని. 'రివాల్వర్'లో హారిసన్ భారతీయ పాట ఉంది, టేపు ముక్కలతో కట్టిన పాట కూడా ఉంది. అక్కడ అవి దేనికది. పెప్పర్‌లో ఆ రెండు దారులూ ఒకే వయొలిన్ తీగ మీదికి వచ్చాయి.

అవతలి పక్షం మాటలో నిజం లేదని అనను. పాడుతున్నది బీటిల్స్ కాదు, సార్జెంట్ పెప్పర్ అనే కల్పిత బ్యాండ్ అనే కథ రెండు పాటలు దాటి సాగదు, తన పాటలకూ ఆ కథకూ సంబంధం లేదని లెననే చెప్పాడు. 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్', 'పెన్నీ లేన్' పాటల్ని ముందే సింగిల్‌గా విడుదల చేసి ఆల్బమ్‌లో లేకుండా చేయడం పెద్ద పొరపాటని మార్టిన్ తర్వాత బాధపడ్డాడు. 1967లోనే న్యూయార్క్ టైమ్స్‌లో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ ఈ ఆల్బమ్‌ను గారాబంతో చెడిన పిల్లతో పోల్చి ఏకిపారేశాడు. ఇవన్నీ కథ గురించి, పాటల ఎంపిక గురించి, హంగుల గురించి. గమకం గురించి వీళ్లెవరూ మాట్లాడరు. లెనన్ మాత్రం హారిసన్ రాసిన మంచి పాటల్లో ఇదొకటని చివరి దాకా చెప్పాడు.

ఆ గమకాన్ని లండన్ వయొలిన్లకు చూపించింది ఎవరు? దిల్‌రుబా వాయించిన అన్నా జోషి, అమృత్ గజ్జర్. తబలా నట్వర్ సోనీ. తంబూరా బుద్ధదేవ్ కన్సారా. లండన్‌లో భారతీయ సంగీతాన్ని ప్రోత్సహించిన ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ ద్వారా స్టూడియోకు వచ్చిన లండన్ భారతీయులు. ఆల్బమ్ అట్ట మీద ఈ నలుగురి పేర్లూ లేవు. అదే అట్ట మీద నలుగురు భారతీయ గురువుల బొమ్మలున్నాయి: మహావతార్ బాబాజీ, లాహిరీ మహాశయ, శ్రీయుక్తేశ్వర్ గిరి, పరమహంస యోగానంద. గాంధీ బొమ్మ కూడా పెట్టారు కానీ, ఇండియాలో గొడవవుతుందని బీటిల్స్ రికార్డు కంపెనీ ఈఎంఐ అధిపతి జోసెఫ్ లాక్‌వుడ్ తీయించాడు. భారతీయుల మనోభావాల గురించి అంత జాగ్రత్త పడిన కంపెనీ, వాయించిన భారతీయుల పేర్లు వేయడానికి ఒక్క వరుస చోటు ఇవ్వలేదు. అంతకు ముందు ఏడాది 'రివాల్వర్' అట్ట మీద తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు వేశారు. అంటే పేరు వేయడం వాళ్లకు తెలియని పని కాదు. దశాబ్దాల తర్వాత గానీ ఈ నలుగురి వివరాలు పూర్తిగా బయటికి రాలేదు. అప్పటి నుంచి నేటి దాకా అభిమానులు ఆ పాటను "హారిసన్ భారతీయ సరదా" అని తేలిగ్గా తీసేయగలిగారంటే దీని పాత్ర కూడా ఉంది. ఎవరు వాయించారో తెలిస్తే వాళ్లు ఏం వాయించారో వినాలనిపిస్తుంది.

ఈ విషయంలో మనకు ఒక మంచి సంప్రదాయం ఉంది. కచేరీ కరపత్రం మీద పక్కవాద్యాల పేర్లు లేకుండా ఉండవు. ఆకాశవాణిలో సంగీత కచేరీ అంటే గాయకుడి పేరుతో పాటు వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని చెప్పి తీరాల్సిందే. అదే మనం సినిమా పాట దగ్గరికి వచ్చేసరికి ఈఎంఐ కన్నా ఘోరంగా ఉన్నాం. సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల, ఘంటసాల, మాస్టర్ వేణు పేర్లు మనకు కంఠతా వచ్చు. పాట ఎవరు రాశారో, ఎవరు పాడారో పందెం కట్టి చెబుతాం. ఆ పాటలో చరణానికి ముందు మన ప్రాణం లాగేసే ఫ్లూట్ ఎవరిదో, షెహనాయ్ ఎవరు పలికించారో, సితార్ మీద ఆ చిన్న బిట్ ఎవరు వాయించారో అడిగితే నోరు మెదపలేం. రికార్డుల అట్టల మీద వేయలేదు. ఇప్పటి పాటల యాప్‌లలో వెతికినా సంగీత దర్శకుడు, గాయకులు, రచయిత దగ్గరే ఆగిపోతుంది. మద్రాసు స్టూడియోల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా కాల్షీట్ల లెక్కన వాయించి వెళ్లిపోయిన వాళ్లు ఎందరో.

ఇంగ్లండ్‌లో కనీసం స్టూడియో కాగితాలు మిగిలాయి, పరిశోధకులు వాటిని తిరగేశారు, వాయించినవాళ్లలో కొందరిని వెతికి పట్టుకున్నారు. తెలుగు పాట మీద పుస్తకాలు, వ్యాసాలు, వీడియోలు ఇన్ని వస్తున్నాయి కదా. వాటిని చేస్తున్నవాళ్లు గాయకుల ఇంటర్వ్యూలతో ఆగకుండా, ఆ ఆర్కెస్ట్రాల్లో కూర్చున్న పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లాలి. చెన్నైలోనూ హైదరాబాద్‌లోనూ కొందరైనా దొరుకుతారు. పాట వినిపించి, ఇది మీరేనా, పక్కన ఎవరు కూర్చున్నారు, ఏ స్టూడియో, ఎన్ని టేకులు అని అడిగి రాసుకోవాలి. ఆడియో కంపెనీలు పాత పాటల్ని మళ్లీ విడుదల చేసినప్పుడల్లా ఆ పేర్లు వేయాలి. పెద్దవాళ్ల వయసు చూస్తే ఈ పనికి ఎక్కువ గడువు లేదు.