స్లిమ్మెస్ట్ గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్లిమ్మెస్ట్ గారి సముఖానికి,

నమస్కారాలతో రాయునది. నిన్న పొద్దు గుంకకముందే, ముఖ్యమైన మాట సగంలో ఉండగా, నా కొత్త ఫోన్ గుటుక్కుమంది. డబ్బా మీద తమరి పేరు, అదే ‘అన్నిటికన్నా సన్నం’ అనే ఇంగ్లిషు మాట, పెద్దక్షరాలతో వెలిగిపోతున్న ఫోనే. అంత పల్చటి ఒంట్లో బ్యాటరీకి చోటెక్కడ మిగులుతుంది లెండి!

అది వదిలేద్దాం. నా గోలంతా వీపు మీది ఆ కెమెరా బుడిపె గురించే. లెన్సుకీ, బొమ్మ పట్టే సెన్సర్‌కీ మధ్య కాస్త దూరం ఉండి తీరాలి, వెలుతురుకి తమరి మోజుతో పనిలేదు. అందుకని ఒళ్లంతా చెక్కేసి లెన్సుల్ని ఓ మూల పైకి తోశారు. బల్ల మీద పెట్టి టైప్ చేస్తే వేలు పడ్డప్పుడల్లా టకటకా ఊగుతుంది. మరి డబ్బా మీది మిల్లీమీటర్లో? బుడిపె తప్పించి కొలిచినవి! బొజ్జ వదిలేసి మణికట్టు కొలిచి సన్నం అన్నట్టుంది. పేరు పక్కన ఓ చుక్క గుర్తు (*), అట్టడుగున చీమతలకాయంత అక్షరాల్లో ‘ఈ తరగతి ఫోన్లలో’ అని. ఏ తరగతి? ఎవరు పెట్టిన తరగతి? చేతిలోంచి జారిపోతుందని కవరు తొడిగితే పాత ఫోనంత లావు.

ఒళ్లు మండి తమరి వంశవృక్షం తిరగేశాను. స్లిమ్ 17వ శతాబ్దంలో డచ్చివాళ్ల నుంచి ఇంగ్లిషులోకి దిగిందట. అసలర్థం వంకర, ఏటవాలు, చెడ్డ! జర్మన్ దాయాది ‘ష్లిమ్’కి ఇప్పటికీ చెడ్డ అనే అర్థం. దక్షిణాఫ్రికాలో డచ్చి సంతతి బోయర్ల సేనాని పీట్ జూబేర్‌ని ‘స్లిమ్ పీట్’ అన్నది నడుము చూసి కాదు, జిత్తులు చూసి. ఇంగ్లిషువాడు దాన్నే సన్నం చేసి, చివర ‘ఎస్ట్’ తగిలించి, మధ్యలో ఇంకో ‘ఎమ్’ ఇరికించాడు. స్లిమ్‌కి నాలుగక్షరాలు, అందరికన్నా సన్నమైన తమరికి ఎనిమిది!

పక్కింటి థిన్నెస్ట్ గారు నయం. ఆయన మూలం సాగదీయడం, మన తనుమధ్యలోని ‘తను’కి దగ్గరి చుట్టం. అవకాశాల విషయంలో తమరి సంగతైతే చెప్పనే అక్కర్లేదు. ఇంగ్లిషులో ‘స్లిమ్ ఛాన్స్’ అన్నా ‘ఫ్యాట్ ఛాన్స్’ అన్నా దాదాపు దక్కదనే.

అంటే తమరి పుట్టుకే వంకర. ఇక గార్లూ గీర్లూ లేవు, విను. ఈసారి డబ్బా ఎక్కేముందు ఆ బుడిపె మీదే స్కేలు పెట్టించుకో. కుదరదంటావా, మీ తాతల నాటి అర్థంతోనే ఎక్కు. అప్పుడు చుక్క కూడా అక్కర్లేదు.