జాన్సన్‌ది ఎన్నో ర్యాంకు?

ర్యాంకుల మోజు మనకే ఉందనుకుంటే పొరపాటు. అమెరికా చరిత్రకారులు తమ అధ్యక్షులకూ ర్యాంకులు వేస్తారు. 1948లో ఆర్థర్ ష్లెసింజర్ అనే ఆచార్యుడు 55 మంది పండితులను అడిగి మొదలుపెట్టిన ఆట ఇది. లింకన్ అప్పుడూ మొదటివారే, ఇప్పుడూ మొదటివారే. విశేషమంతా కింది వరుసల్లో ఉంది. ఆనాడు విఫలుల జాబితాలో పడిన యులిసిస్ గ్రాంట్, సీ-స్పాన్ టీవీ సర్వేలో 2000లో 33వ స్థానంలో ఉండి 2021 నాటికి 20కి ఎగబాకారు. ఆయన పోయింది 1885లో. సమాధిలోని మనిషి కొత్తగా చేసిందేమీ లేదు. మారింది దిద్దేవాళ్లే. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివారిని కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠాల నుంచి కాపాడటానికి ఆయన సైన్యాన్ని దించిన సంగతికి ఒకప్పుడు మార్కులు పడలేదు, ఇప్పుడు పడుతున్నాయి.

ఈ జాబితాలో మాకు కొరుకుడుపడనిది లిండన్ జాన్సన్ స్థానం. అదే సంస్థ నాలుగు సర్వేల్లోనూ ఆయనది పదో, పదకొండో. పైకి నిలకడైన అంకె. నిజానికి అది పూలదండ వేయాల్సిన పనులనూ, బోనెక్కించాల్సిన పనులనూ కలిపి తీసిన సగటు.

కెనెడీ హత్యతో 1963 నవంబరు 22న గద్దెనెక్కిన ఈ టెక్సాస్ నాయకుడు, అంతకుముందు చాలాకాలం పౌరహక్కుల బిల్లులకు వ్యతిరేకంగా ఓటు వేసినవారే. దక్షిణాది సెనేటర్ల గుట్టుమట్లన్నీ తెలిసిన మనిషి కాబట్టే, బతిమాలో బెదిరించో 1964లో పౌరహక్కుల చట్టాన్నీ, మరుసటి ఏడాది ఓటుహక్కు చట్టాన్నీ నెగ్గించుకోగలిగారు. పుణ్యమంతా ఆయన ఖాతాలో వేయడం మాత్రం తప్పు. 1965 మార్చిలో అలబామా రాష్ట్రంలోని సెల్మా వంతెన మీద, ఓటుహక్కు కోసం ఊరేగింపుగా కదిలిన నల్లజాతివారు పోలీసుల లాఠీ దెబ్బలు తినకపోతే ఆ రెండో బిల్లు అంత త్వరగా కదిలేది కాదు.

సెల్మాలో లాఠీలు లేచిన మరునాడే వియత్నాంలోని దానాంగ్ తీరంలో అమెరికా మెరైన్లు దిగారు. ఈ యుద్ధం చేయదగ్గదని తనకు అనిపించడం లేదని, అలాగని బయటపడే దారీ కనిపించడం లేదని జాన్సన్ 1964 మే నెలలోనే తన సలహాదారు మెక్‌జార్జ్ బండీతో ఫోనులో వాపోయిన టేపు ఉంది. తెలియక దిగిన గుంట కాదు, తెలిసి దిగిన గుంట. 1968 నాటికి అక్కడ అయిదు లక్షలకు పైగా అమెరికా సైనికులున్నారు. ఆ యుద్ధం మొత్తంలో చనిపోయిన అమెరికన్లు 58 వేల పైచిలుకు, వియత్నాం ప్రజలు లక్షల్లో. ఏ చట్టం పుణ్యంతో ఈ పద్దు చెల్లువేస్తారు?

మనకూ ఆయనతో చేదు అనుభవం ఉంది. 1965 నుంచి వరుస కరువులతో దేశం అల్లాడుతున్నప్పుడు, పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద రావాల్సిన గోధుమల ఓడలను ఆయన కొద్దికొద్దిగా, తనకు ఇష్టమైనప్పుడే వదిలారు. వ్యవసాయ విధానం మార్చుకోవాలన్నది పైకి చెప్పిన షరతు. వియత్నాంపై బాంబుదాడులను ఢిల్లీ విమర్శించడం లోపలి కోపం. ఓడ దిగితేనే పొయ్యి వెలిగే దుస్థితి ఎంత అవమానమో ఆ తరానికి తెలుసు. హరిత విప్లవం వైపు మన అడుగులు వడివడిగా పడటానికి ఆ అవమానమూ ఒక కారణం.

మరి ఇదే మనిషి 1965 అక్టోబరు 3న స్వేచ్ఛా విగ్రహం పాదాల దగ్గర ఒక వలస చట్టంపై సంతకం చేశారు. ఇదేమీ విప్లవాత్మక బిల్లు కాదని, లక్షలాది మంది జీవితాలను తాకదని అక్కడే ప్రకటించారు. అంతకుముందు భారతీయులకు ఏడాదికి వంద మంది కోటా ఉండేది. దాన్ని తీసేసి, ఆసియా, ఐరోపాలు సహా తూర్పు అర్ధగోళంలోని ప్రతి దేశానికీ ఒకే పరిమితి పెట్టారు. కుటుంబ బంధాలకు పెద్దపీట వేస్తే వచ్చేవారిలో ఎక్కువమంది ఐరోపావారే ఉంటారని కొందరు సభ్యులు లెక్కవేసుకున్నారు. ఆ లెక్క పూర్తిగా తలకిందులైంది. అంతకు రెండు నెలల ముందే వృద్ధులకు మెడికేర్ బీమా చట్టం రావడంతో అక్కడ డాక్టర్ల అవసరం పెరిగింది. గుంటూరు, విశాఖ, ఉస్మానియా వైద్య కళాశాలల పట్టభద్రులు విమానమెక్కారు. సాఫ్ట్‌వేర్ తరాన్ని తీసుకెళ్లిన హెచ్1బీ వీసా 1990 చట్టంతో వచ్చిందే అయినా, తలుపు తీసింది మాత్రం 1965లోనే. ఆ తలుపు మీద పడ్డ దెబ్బల్లో సెల్మా వంతెనవీ ఉన్నాయని అక్కడి మనవాళ్లలో ఎందరు పిల్లలకు చెబుతున్నారో.

జాన్సన్‌కు ర్యాంకు వేయమని మమ్మల్ని అడిగితే వేయం. ఆ సగటు ఎవరికీ న్యాయం చేయదు, ముఖ్యంగా వియత్నాం పల్లెలకు. సమానత్వం కోసం పెట్టిన, ఒక్కో దేశానికింత అనే ఆ పరిమితి, తర్వాత ఏడు శాతంగా మారి, గ్రీన్‌కార్డుల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న లక్షల మంది భారతీయుల క్యూగా ఇప్పటికీ సాగుతోంది. ఆ సంతకానికి ఇంకా లెక్క తేలలేదు.