రేపు ఏం గీయాలో చెప్పేదెవరు?

సొంతంగా బొమ్మలు నేర్చుకునేవాళ్ల స్కెచ్‌బుక్కులు చాలావరకు ఒకేలా ఉంటాయి. మొదటి పది పేజీలు నిండుగా, తేదీలు వేసి మరీ ఉంటాయి. తర్వాత తేదీల మధ్య ఎడం పెరుగుతుంది. సగం పుస్తకం ఖాళీగా ఉండగానే కొత్తది కొనేస్తాం. మనకు క్రమశిక్షణ లేదని తిట్టుకుంటాం కూడా. నాకైతే లోపం వేరే చోట ఉందనిపిస్తుంది.

ఆర్ట్ స్కూల్లో చేరినవాళ్లకు రేపు ఏం గీయాలో ఎవరో ఒకరు చెబుతారు. ఆ పని నచ్చకపోవచ్చు గానీ, ఎంచుకునే బాధ ఉండదు. గురువు లేనివాళ్లు మాత్రం పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాక ‘ఇవాళ ఏం గీద్దాం’ అని వెతుక్కోవాలి. ఫోన్లో రిఫరెన్స్ ఫొటోలు చూస్తూనే అరగంట గడిచిపోతుంది, ఉన్న కాస్త ఓపికా అక్కడే అయిపోతుంది.

సొంతంగా నేర్చుకున్నవాడంటూ డచ్ చిత్రకారుడు వాన్ గో పేరు చెబుతుంటారు. అది కొంతవరకే నిజం. 1880లో, 27 ఏళ్ల వయసులో చిత్రకళే తన దారి అనుకున్నాక, అతను తోచింది గీస్తూ కూర్చోలేదు. షార్ల్ బార్గ్ అనే ఫ్రెంచ్ చిత్రకారుడు విద్యార్థుల కోసం తయారుచేసిన అభ్యాస చిత్రాలు సంపాదించి, బొగ్గుతో వేసే 60 బొమ్మల వరుసను ఒకటొకటిగా చూసి గీశాడు, తర్వాత మళ్లీ గీశాడు. చనిపోయిన 1890లో కూడా ఆ అరవై మరోసారి గీయాలనుందని తమ్ముడికి ఉత్తరం రాశాడు. అప్పటికే పొద్దుతిరుగుడు పూల చిత్రాలు వేసేసిన మనిషి! రోజూ పక్కన నిలబడి చెప్పే గురువు లేకపోయినా, సిలబస్ మాత్రం ఉంది.

‘రోజూ గీయండి, ఒక్కరోజు కూడా మానకండి’ అనే సలహా మీద నా అనుమానం ఇక్కడే. అది రోజుల్నే లెక్కపెడుతుంది. నేను ఏడాదిపాటు దాదాపు రోజూ గీశాను, ముఖాలే. అన్నీ ఎడమవైపు చూసేవే, కుడిచేతివాటం వాళ్లకు అదే సులువు కాబట్టి. చేతులు గీయాల్సివస్తే జేబుల్లో పెట్టేసేవాణ్ణి. ఏడాది చివర్లో నాకు బాగా వచ్చింది ముందే వచ్చిన పని.

పైగా ఒక్కరోజు తప్పితే అంతా పోయిందనే టెన్షన్ ఒకటి. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని గమనించి వెలువరించిన అధ్యయనంలో, కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒకసారి తప్పినా పెద్ద తేడా రాలేదు. వాళ్లు చూసింది తిండి, వ్యాయామం లాంటి పనుల్ని, బొమ్మల్ని కాదు. అయినా ఆ టెన్షన్ తగ్గించుకోవడానికి ఇది చాలు.

మరి సిలబస్ ఎలా రాసుకోవాలి? పెద్ద ప్రణాళిక అక్కర్లేదు. రెండు వారాలకు ఒకే వస్తువు చాలు. ఉదాహరణకు గ్లాసు. దాని నోరు గుండ్రమని తెలుసు, కానీ కాస్త పైనుంచి చూస్తే కంటికి కనిపించేది కోలగా నొక్కినట్టుండే వలయం. అడుగు బల్లకు ఆనుకుని ఉందని మనసు చెబుతుంది కాబట్టి అక్కడ తిన్నగా గీత గీసేస్తాం. నిజానికి అడుగు కంటి మట్టానికి ఇంకా దిగువన ఉంటుంది కనుక ఆ వలయం నోటికన్నా ఎక్కువ విచ్చుకుని కనిపించాలి. ఇది చదివితే ఒక నిమిషంలో అర్థమవుతుంది, చేతికి రావడానికి మాత్రం పదిరోజులు పట్టొచ్చు. గ్లాసును కంటి ఎదురుగా ఎత్తిపెట్టి, పక్కకు పడుకోబెట్టి, సగం నీళ్లు పోసి గీస్తుంటే రోజుకో కొత్త చిక్కు వస్తుంది, విసుగు రాదు. రేపటిది ఈ రాత్రే చీటీ మీద రాసి స్కెచ్‌బుక్కులో పెట్టేస్తే, తెరిచిన వెంటనే చెయ్యి కదులుతుంది. పావుగంట దొరికినా సరే.

ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది: బొమ్మ హోంవర్క్ అయిపోతుంది. అందుకే వారంలో ఒక పేజీ ఏ లెక్కా లేకుండా ఇష్టమొచ్చినట్టు గీసుకుంటాను. ఆ పేజీల్లో నా ముఖాలు ఇప్పటికీ ఎడమవైపే చూస్తుంటాయి.