సబ్మిట్ చేసినాక మార్చమంటారా?

తిరుపతి విద్యారంగంలో ఒక అరాచకం మొదలైంది. పెద్దలు వెంటనే కలగజేసుకోవాలి. ఇక్కడి ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కొత్తగా చేరిన కుర్ర లెక్చరర్, పిల్లలు సబ్మిట్ చేసేసిన ప్రోగ్రామింగ్ ప్రాజెక్టును తిరిగిచ్చి ‘ఇప్పుడు దీన్ని మార్చండి’ అన్నాడట!

ప్రాజెక్టంటే ఏమిటో ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. కోడ్ సీనియర్ల దగ్గర్నుంచి వస్తుంది. మొదటి పేజీలో పేరు, రోల్ నంబరు మారతాయి. డిజైన్ బొమ్మలు అన్నీ అయ్యాక, రికార్డు సంతకానికి ముందు రాత్రి గీస్తారు. వైవాతో దాని ఆయుష్షు తీరుతుంది. అంత ప్రశాంతంగా పోయేదాన్ని పట్టుకుని ఎదగమంటాడేమిటి?

ఆయన అడిగిన మార్పు చూడండి. అది చిత్తూరు జిల్లా హాస్టళ్ల లెక్కల ప్రోగ్రాం. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయింది కదా, తిరుపతి జిల్లాను చేర్చండి అన్నాడు. అప్పుడు గూడూరు నెల్లూరు నుంచి ఇటొచ్చింది, అదీ చూసుకోమన్నాడు. పాపం, ‘చిత్తూరు’ అని లేని ఫైలే లేదు. ఒకచోట దిద్దితే మరోచోట మెస్ బిల్లు ఆగిపోయింది. “సబ్మిట్ చేసేసినాము కద్సార్, ఇంకేంది?” అని ఒక పిల్లాడు న్యాయంగానే అడిగాడు. అసలు తప్పు ప్రభుత్వానిది. 2017 జూలై 1న జీఎస్టీ తెచ్చింది, 2025 సెప్టెంబరులో రేట్లు మార్చింది. బిల్లింగ్ ప్రోగ్రాములు రాసినవాళ్లను ఒక్కమాట అడిగిందా?

లెక్చరర్ గారి అండ డేవిడ్ పార్నాస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త. మారే అవకాశమున్న నిర్ణయాలను ఒక్కో మాడ్యూల్లో, అంటే ప్రోగ్రాంలోని ఒక్కో భాగంలో, ఒక్కోటి దాచేయాలని, పక్క మాడ్యూల్‌కు తెలియనివ్వకూడదని ఆయన 1972లోనే రాశాడు. దాచడమేనా? పక్కవాడికి తెలియకుండా దాచే విద్యలో మన పిల్లలు పరీక్ష హాల్లోనే ఆరితేరారు. ఇక లేమన్ అనే మరో కంప్యూటర్ శాస్త్రవేత్త సూత్రం: వాడుకలో ఉన్న ప్రోగ్రాం మారుతూ ఉండాలి, లేకుంటే పనికిరాకుండా పోతుంది. మన ప్రాజెక్టులను వాడేవాడు లేడు కనుక ఆ సూత్రం మనకు వర్తించదు.

అయినా ఆయన ఆగలేదు. ఒక జట్టు కోడును ఇంకో జట్టుకిచ్చి పెంచమన్నాడు. ఇచ్చి చూస్తే అన్ని జట్లదీ ఒకటే కోడు.

చివరికి యాజమాన్యమే పరిష్కారం కనిపెట్టింది. ‘మార్పును తట్టుకునే డిజైన్‌ను వివరింపుము’ అని పది మార్కుల ప్రశ్న పెట్టారు. జవాబు క్వశ్చన్ బ్యాంకులో వచ్చేసింది. ఐదేళ్లపాటు ఆ ప్రశ్న మార్చబోమని హామీ కూడా ఇచ్చారు. పిల్లలు నిశ్చింతగా బట్టీ పడుతున్నారు.