నాగరత్నమ్మ వాదన పిల్లలకు వినిపిద్దాం

మార్చి 8 వస్తే చెన్నైలో మన తెలుగు పిల్లలకు రుద్రమదేవి వేషమో, ఝాన్సీ లక్ష్మీబాయి వేషమో వేస్తాం. దుర్గాబాయి దేశ్‌ముఖ్ మాట వస్తే, 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో టికెట్ లేదని నెహ్రూనే ఆపేసిన సంగతి చెబుతాం. మంచి కథే. కానీ ఎనిమిదేళ్ల వయసులో తనకు చేసిన పెళ్లిని పెద్దయ్యాక ఆమె కాదన్న సంగతి చెప్పం. నా దృష్టిలో దానికే ఎక్కువ ధైర్యం కావాలి. ఈ ఊళ్లోనే 1937లో ఆంధ్ర మహిళా సభ స్థాపించిన మనిషి గురించి ఇక్కడి పిల్లలకు సగం కథే అందుతోంది.

మరుగున పడ్డ స్త్రీల చరిత్ర బళ్లో చెప్పాలని ఇప్పుడు చాలామంది అంటున్నారు. చెప్పాలి. అయితే వాళ్లను బుద్ధిమంతులుగా దిద్ది చెప్పకండి. ఎవరితో పేచీ పడ్డారో, ఎందుకు పడ్డారో చెప్పండి.

బెంగళూరు నాగరత్నమ్మనే తీసుకోండి. 1878లో నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో పుట్టి, మద్రాసులో స్థిరపడిన గాయని, పండితురాలు. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి రాసిన శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనం’ ఆమెకు అచ్చులో దొరికింది. చూస్తే కొన్ని పద్యాలు ఎగిరిపోయాయి. కవయిత్రి తన గురించి, తన వంశంలోని స్త్రీల గురించి చెప్పుకున్న అవతారికా (కావ్యం మొదట్లో ఉండే పరిచయ పద్యాలు) లేదు. నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, పూర్తి కావ్యాన్ని 1910లో వావిళ్ల ప్రచురణ సంస్థ ద్వారా అచ్చు వేయించారు. ఆడవాళ్లు వినదగని మాటలున్నాయని అంతకుముందే ముద్దుపళనిని తప్పుపట్టింది ఎవరో కాదు, కందుకూరి వీరేశలింగం. ఈ సిగ్గూ మర్యాదా ఆడవాళ్లకేనా, మగకవులకు అక్కర్లేదా అని నాగరత్నమ్మ తన పీఠికలో ఆయన్నే నిలదీశారు. తర్వాత ప్రభుత్వం అశ్లీలమంటూ పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి 1947 దాకా, ప్రకాశం పంతులు ప్రభుత్వం దాకా ఆగాల్సి వచ్చింది.

తొమ్మిదో తరగతి వాళ్లకు శృంగార కావ్యమేంటని తల్లిదండ్రులకు టెన్షన్ రావచ్చు. ఆ పద్యాలు చదివించక్కర్లేదు. ఒక స్త్రీ తన గురించి రాసుకున్న పేజీలు ఎందుకు తీసేశారన్న ప్రశ్న ఆ వయసు పిల్లలకు బాగానే అర్థమవుతుంది.

అసలు పాఠం దీని తర్వాత ఉంది. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి తల్లి కూడా దేవదాసీ కుటుంబం నుంచే వచ్చారు. దేవుడి పేరిట ఆడపిల్లలను అంకితం చేయడం ఆపాలని ముత్తులక్ష్మి మద్రాసు శాసనమండలిలో పోరాడారు. 1947లో చట్టం వచ్చింది. ఆ ప్రయత్నాన్ని దేవదాసీల సంఘం తరఫున ఎదిరించినవారిలో నాగరత్నమ్మ ఉన్నారు. మా ఆడవాళ్లకు చదువుంది, కళ ఉంది, ఆస్తి మీద హక్కుంది, మమ్మల్ని వేశ్యలతో ఒక గాటన కట్టొద్దు అన్నది వాళ్ల వాదన. ఇద్దరూ ధీరలే, ఇద్దరూ ఆడవాళ్ల పక్షానే నిలబడ్డారు, అయినా ఒకరికొకరు ఎదురు నిలిచారు. నా మొగ్గు చట్టం వైపే. ఎదురు చెప్పలేని పసిపిల్లను అంకితం చేయడం ఏ కళ పేరుతోనూ ఒప్పుకోలేను. కానీ ఆస్తి గురించి నాగరత్నమ్మ పక్షం అడిగినదాన్ని కొట్టిపారేయలేను.

చెన్నైలో తమిళమో ఇంగ్లిషో చదువుకునే మన పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టం. ఈ వాదనను నోటితో చెప్పొచ్చు. తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి గుడి కట్టించి, ఆడవాళ్లను పాడనివ్వని ఆరాధనలో వాళ్లకు చోటు సాధించింది కూడా నాగరత్నమ్మే అని చెబితే, సంగీతం నేర్చుకునే పిల్లలకు ఆమె ఇంకా దగ్గరవుతారు. తర్వాత క్లాసును రెండు జట్లు చేసి, ఒకరిని ముత్తులక్ష్మి తరఫున, ఇంకొకరిని నాగరత్నమ్మ తరఫున మాట్లాడనివ్వండి. మరుసటి వారం జట్లు మార్చండి. తీర్పు టీచరు చెప్పక్కర్లేదు.