గాజులదిన్నెలో బాస్ వదలాలంట!

బాస్ అనే అమెరికా చేప పిల్లల్ని యాడనుంచో తెప్పించి గాజులదిన్నె ప్రాజెక్టులో వదిలితే మన కర్నూలు దశ తిరిగిపోతుందంట. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి జనం కార్లేసుకుని వస్తారంట. లాడ్జీలు, పడవలు, గాలం పోటీలు, ఇంగ మనకు తిరుగే లేదంట. ఈ మాట ఒక్కడే అనింటే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఈ మధ్య కొత్తగా గాలం రాడ్డు కొన్న ప్రతి కుర్రోడి నోటా ఇదే పాట. రాత్రంతా అమెరికా వీడియోలు చూడడం, పొద్దున్నే కేసీ కెనాల్ గట్టు మీద నిలబడి "మన దగ్గర ఏముందన్నా, ఈ పరిగె పిల్లలు తప్ప" అని పెదవి విరచడం.

వీడియోలు నేనూ చూస్తా. ట్రౌట్ కోసం మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఈకలతో కట్టిన ఉత్తుత్తి పురుగును గాల్లో తిప్పి తిప్పి నీటి మీద వాల్చేవాళ్లను చూస్తే నాకూ ముచ్చటే. క్రాపీ అని ఇంకోటుంది. నీట మునిగిన చెట్ల కొమ్మల్లో గుంపుగా ఉంటుంది. దాని నోరు ఎంత పల్చనంటే, గట్టిగా లాగితే చిరిగిపోయి వట్టి ముల్లు చేతికొస్తుంది. బాస్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అది పైకెగిరి తల విదిలించే విదిలింపు కోసమే అక్కడ లక్షల డాలర్ల పోటీలు పెడతారు. చూడండప్పా, ఎవరొద్దన్నారు! తెచ్చి ఇక్కడ వదలాలనేకాడ నాకు తిక్క రేగుతుంది.

ట్రౌట్ కథ ముందే తేల్చేద్దాం. అది చల్లనీళ్ల చేప. 10 నుంచి 18 డిగ్రీల మధ్య నీళ్లుంటే దానికి హాయి, 20 దాటేకొద్దీ ఊపిరికి కటకట. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ప్రాణవాయువు తగ్గిపోతుంది. 10 డిగ్రీల నీళ్లు లీటరుకు 11 మిల్లీగ్రాముల దాకా పట్టుకుంటే, 30 డిగ్రీల నీళ్లలో ఏడున్నరకు మించి ఉండదు. అందుకే మన దేశంలో ట్రౌట్ పేరు చెబితే కాశ్మీరు, కులు, నీలగిరులు, మున్నార్ అంటారు. అక్కడికీ దాన్ని దొరలు గుడ్ల రూపంలో ఓడల మీద తెచ్చి పెంచిందే. మే నెలలో 44 డిగ్రీలు కాసే ఊర్లో ట్రౌట్ కావాలంటే కోల్డ్ స్టోరేజీలో గాలం వేయాల్సిందే.

బాస్‌తో చిక్కు వేరే. అది మన ఎండకు చావదేమో అన్నదే నా భయం. జపాన్‌లో 1925లో ఒక వ్యాపారి అమెరికా నుంచి బాస్ తెచ్చి ఆషి సరస్సులో వదిలాడు. చాలా ఏళ్లు అది ఆ చుట్టుపక్కలే ఉండింది. 1970ల్లో గాలం సరదా ముదిరాక ఎవరికి వాళ్లు బక్కెట్లలో మోసుకుపోయి తమ ఊరి చెరువుల్లో వేసుకున్నారు. అది అక్కడి చిన్న చేపల్ని, రొయ్యల్ని ఊడ్చి తినేసింది. చివరికి బివా సరస్సులో పట్టిన బాస్‌ను మళ్లీ నీళ్లలో వదలడమే తప్పని 2003 నుంచి నిబంధన పెట్టాల్సి వచ్చింది. 2005లో దేశం మొత్తానికీ చట్టమొచ్చింది. బతికున్న బాస్‌ను పెంచినా, మోసినా, వదిలినా నేరమే. పట్టి వదిలేయడమే ధర్మమని ప్రపంచమంతా గాలగాళ్లు చెప్పుకుంటుంటే, ఆ సరస్సు కాడ వదిలితే తప్పు!

జపాన్ దాకా ఎందుకులే. తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చినప్పుడు కూడా పేదవాడి పళ్లెంలోకి చవకగా మాంసం వస్తుందనే అన్నారు. ఇప్పుడు చెరువులో వల వేసి లాగండి, పైకి వచ్చేదాంట్లో జిలేబి (తిలాపియాకు మనోళ్లు పెట్టిన పేరు) ఎంతుందో, మన పాత రకాలు ఎన్ని ఉన్నాయో మీరే చూడండి. గుడ్లను నోట్లో పెట్టుకుని కాపాడుకునే చేప అది, దాన్ని తుడిచిపెట్టడం ఎవరి తరమూ కాదు. (దోమల కోసం కుంటల్లో వదిలే గంబూసియా చేప కూడా పరాయిదే. దోమలు తగ్గాయో లేదో మా వీధికొచ్చి చూసి చెప్పండి.)

సరే, మన దగ్గర ఏముందన్నా అని కదా అడిగేది. కొర్రమీను ఉంది నాయనా.

ఈ కుర్రోళ్లు బాస్‌లో ఏం చూసి మురిసిపోతారో అవన్నీ కొర్రమీనులో ఉన్నాయి. పొంచి ఉండి కొడుతుంది. గుర్రపు డెక్క కింద, తుంగ మొదళ్లలో, కెనాల్ గట్టు కూలి నీడపడిన చోట కదలకుండా ఉంటుంది. నీటి మీద కప్ప ఈదిందా, అంతే. రబ్బరు కప్పను డెక్క ఆకుల మీద వేసి, రొంత రొంత లాగుతూ, ఆకుల సందు రాగానే ఆపండి. గుటుక్కుమని శబ్దం వస్తుంది, కప్ప మాయమవుతుంది. ఆ క్షణంలో లాగితే పని చెడినట్లే. అది కప్పను అడ్డంగా కరిచి, నోట్లో సర్దుకుని కిందికి తీసుకుపోయేదాకా ఆగాలి. దారం బిగుసుకున్నాక, అప్పుడు నడుం వంచి కొట్టాలి, దాని దవడ ఎముక అంత గట్టిది. క్రాపీ నోటికి పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం. ఆపైన డెక్కలోకి దూరకుండా ఆపడం ఇంకో యుద్ధం. సన్న దారం వాడేవాడికి చేపా మిగలదు, కప్పా మిగలదు.

ఇంకో సంగతి. మన చెరువులు ఎండుతాయి. వాన లేని ఏడు అడుగు పగుళ్లిచ్చి పిల్లోళ్లు క్రికెట్ ఆడే చెరువులు ఎన్ని లేవు! బాస్‌కు మొప్పలే దిక్కు, బురదలో అది ఒక పూట కూడా నిలవదు. కొర్రమీనుకు మొప్పల పైన గాలి పీల్చుకునే అర వేరుగా ఉంటుంది. పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి మళ్లీ దిగుతుంది. తడి బురదలో కూరుకుని వాన కోసం కాచుకుంటుంది, తడిసిన చేలల్లో పాక్కుంటూ ఇంకో కుంటకు పోతుంది. దాన్ని పైకి రానీకుండా నీళ్లలోనే అణచిపెడితే గాలి అందక చస్తుంది. చేప నీళ్లలో మునిగి చావడమంటే నమ్ముతారా? కరువు సీమకు దేవుడు కొలత తీసి కుట్టించిన చేప అది. తెలంగాణవాళ్లు దాన్నే రాష్ట్ర చేపగా పెట్టుకున్నారు. మనోళ్లు దాని పక్కన నిలబడి బాస్ కావాలంటారు.

వాలుగ గురించి చెప్పాలంటే ఇంకో పోస్టు పడుతుంది. తుంగభద్రలో బండల మధ్య మడుగుల్లో రాత్రిపూట తిరిగే ఆ నోరు చూసినవాడు సొరచేప గురించి మాట్లాడడు. ప్రపంచవ్యాప్తంగా ముప్పులో ఉన్న చేపల పట్టికలో ఇప్పుడు దాని పేరుంది. శీలావతి, బొచ్చె పట్టేవాళ్లకు బుడ్డల చెక్క, తవుడు కలిపిన ముద్ద గురించి నేను చెప్పేదేం లేదు, ఆ విద్యలో మా అబ్బల కాలం వాళ్లే గురువులు.

ఇప్పుడు నాకు అసలు మంట పుట్టించే విషయానికొస్తా.

తొలకరి పడగానే కొర్రమీను జంట చెరువు అంచున, లోతు తక్కువ చోట, గడ్డి పక్కకు నెట్టి గూడు చేసుకుంటుంది. గుడ్లు బంగారు రంగులో నీటి మీద తేలతాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. ఎర్రగా, వందల కొద్దీ, బంతి కట్టి తిరుగుతుంటాయి. గాలి కోసం అన్నీ ఒక్కసారే పైకి వస్తే నీళ్లు కుతకుత ఉడికినట్లు కనిపిస్తుంది. ఆ బంతి కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. పిల్లల మీదికి ఏమొచ్చినా కొడతాయి. అది తిండి కోసం కొట్టే కాటు కాదు, పిల్లల్ని కాపాడుకునే కాటు.

మన వీరుల వేట అక్కడే. ఎర్ర బంతి కనిపించగానే దాని నడిమధ్య లూరు (ఉత్తుత్తి ఎర) వేయడం, పెద్ద చేప కొట్టగానే "మాన్‌స్టర్ మర్రెల్" అని వీడియో (మర్రెల్ అంటే కొర్రమీనే). పది నిమిషాల్లో జంటలో రెండోది కూడా సంచిలోకి. ఆ తర్వాత ఆ బంతి గతేంటో ఏ వీడియోలోనూ ఉండదు. జిలేబీలు, జెల్లలు, పరిగెలు అన్నీ కలిసి సాయంత్రానికి పిల్లల్ని ఊడ్చేస్తాయి. ఇందులో వేటగాడి నేర్పు ఎంతుందో నాకు అర్థం కాదు. ఊయల కాడ తల్లిని కొట్టి గెలిచానని చెప్పుకోవడం!

మీరు మొక్కే ఆ బాస్ కూడా ఇలాంటిదే, తెలుసా? మగ బాస్ గూడు చేసి, పిల్లలు పెద్దయ్యేదాకా కాపలా కాస్తుంది. దాన్ని గూటి మీంచి ఎత్తితే చుట్టూ ఉన్న చిన్న చేపలు నిమిషాల్లో గుడ్లమీద పడతాయని అక్కడి పరిశోధకులు కళ్లారా చూసి రాశారు. అందుకే కెనడాలో దక్షిణ అంటారియో వైపు చాలాచోట్ల బాస్ సీజను జూన్ మూడో వారం దాకా తెరవరు. వీడియోల్లో రాడ్డు ఏ కంపెనీదో చూశారు, రీలు ఎన్ని బేరింగులదో చూశారు, టోపీ కూడా అదే కొన్నారు. అదే వీడియోల్లో వాళ్లు చేప పొడవు కొలిచి, తడి చేత్తో పట్టుకుని, వదిలేది మాత్రం మీ కళ్లకు ఆనలేదు. మన కుర్రోళ్లు చేపను ఎండకు కాలిన బండ మీద పడేసి, ఫోటోలు దిగి, "రిలీజ్ చేశాం అన్నా" అంటారు. ఆ ఒళ్లు చూశారా? జిగురంతా బండకే అంటుకుని ఉంటుంది.

మృగశిర కార్తె సంగతి సరేసరి. జూన్ రెండో వారం వస్తే చాలు, చేప తినకపోతే ఏడాదంతా ఉబ్బసం వచ్చేటట్లు జనం మార్కెట్టు మీద పడతారు. అందరికీ కొర్రమీనే కావాలి. సరిగ్గా అది గుడ్లు పెట్టబోయే వేళ. చెరువుల్లో పెంచిన రూప్‌చందు తింటే కార్తె ఒప్పుకోదా?

గాలం వేసేవాళ్లనే తిడుతున్నావు, పెద్ద దొంగల్ని వదిలేశావు అంటారేమో. వదల్లేదు. శ్రీశైలం వెనుక జలాల్లో, సంగమేశ్వరం వైపు, అలివి వలల గొడవ ఏటా ఉన్నదే. దోమతెరలాంటి సన్న కన్ను వల. మత్స్యశాఖ వదిలిన బొచ్చె పిల్లలు వేలెడు కూడా పెరక్కుండానే దాంట్లో పడి ఎండుచేపల మూటలవుతాయి. పుట్టిలో పోయి మామూలు వల వేసుకునే అక్కడి మనిషికి సాయంత్రానికి మిగిలేది వట్టి చేతులే. ఇంకొందరు ఇన్వర్టరు కిట్టు తగిలించుకుని నీళ్లలో కరెంటు పెడతారు, పొలం మోటారు తీగ తగిలించేవాళ్లూ ఉన్నారు. అలా పెట్టి వాళ్లే పోయిన కబుర్లు పేపర్లో చదువుతూనే ఉంటాం. నాటు బాంబులు, బ్లీచింగ్ పౌడరు సరే. పేలుడు పెట్టి, విషం కలిపి చేపలు చంపడం 1897 నాటి చట్టంలోనే నేరం. రెండు నెలల దాకా జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా, ఇదీ మూలంలో రాసిన శిక్ష. విక్టోరియా రాణి కాలంలో 200 అంటే భయపడింటారు. ఇప్పుడు దాంతో అరకిలో కొర్రమీను కూడా రాదు.

అయినా ఆ దొంగలకు నా పోస్టు చదివే తీరిక ఉండదు. చదివేది మీరు. పదివేల రాడ్డు పట్టుకుని, మత్స్యకారుల సొసైటీ వాళ్లు వేలంలో పాడుకున్న చెరువు గట్టెక్కి, "రెండు చేపలకే అంత గొడవేందన్నా" అనేది మీరే. ఆ చెరువులో పిల్లల్ని కొని వేసింది వాళ్లు, కాపలా కాసేది వాళ్లు. అడిగి వేయండి, చాలామంది కాదనరు. కాదంటే కేసీ కెనాల్ ఉంది, సుంకేసుల బ్యారేజీ దిగువన ఏరుంది. గేట్లు ఎత్తే కాలంలో మాత్రం బండల మీద కూర్చోవద్దు, నీళ్లు చెప్పి రావు.

"మరి నువ్వు తినవా అన్నా" అని ఎవడో ఒకడు అడగనే అడుగుతాడు. తింటా. మా ఇంట్లో చింతపండు పులుసు, జొన్నరొట్టె లేకుండా ఏ వానాకాలమూ పోదు. గుడ్ల కాలం దాటాక, కిలో తూగేది ఒకటి చాలు. పిల్లల బంతి కనపడితే నేను రాడ్డు మడిచి గట్టు ఆ చివరికి పోతా. ఆ కాలంలో జిలేబి పట్టండి, ఎన్నైనా పట్టండి, చెరువుకు మేలు చేసినవాళ్లవుతారు. వానపాము గుచ్చి బెండు కట్టి చిన్న ముల్లుతో వేస్తే చిన్న పిల్లోడికి కూడా పడుతుంది. వేయించితే రుచికి లోటేం లేదు. అమెరికావాళ్లు క్రాపీని చేసుకునేది కూడా అంతే, పిండిలో దొర్లించి నూనెలో వేయడమే.

ఫిషింగ్ టూరిజం కావాలా? కొర్రమీను గుడ్ల కాలంలో ఒక్క చెరువును, ఒక్కటంటే ఒక్కదాన్ని, సొసైటీ వాళ్లతో మాట్లాడి రెండు నెలలు ముట్టకుండా వదిలేయండి. మూడో వానాకాలానికి బెంగళూరు వాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు, ఎవరూ బాస్ పిల్లల్ని మోసుకురానక్కర్లేదు. గాజులదిన్నె వైపు ఊర్లవాళ్లు ఎవరైనా ముందుకొస్తే మాట్లాడడానికి నేనూ వస్తా.

అన్నట్టు, రబ్బరు కప్పల్లో చిన్న సైజువి, రెండు ముళ్లూ వీపుకు అతుక్కుని ఉండేవి, కర్నూల్లో ఏ దుకాణంలోనైనా దొరుకుతాయా? ఆన్‌లైన్‌లో తెప్పించినవి రెండు కాట్లు పడేసరికి చిల్లుపడి, నీళ్లు తాగి మునిగిపోతున్నాయి.